తాతగారి మిద్దె ఇల్లు కూల్చాలా, ఉంచాలా? చెన్నైలో పాత కట్టడాల రిపేర్లు చేసే మనిషిగా నా సమాధానం

మీ ప్రశ్న మొత్తం చదివానండీ. జార్జ్ టౌన్‌లో తాతగారు 1920ల్లో కట్టించిన ఇల్లు, పైన మద్రాస్ టెర్రస్ (టేకు, ఇటుక, సున్నంతో వేసే పాతకాలపు కప్పు), పోయినేడాది నుంచి హాల్లో ఒక మూల కారుతోంది, చూడ్డానికొచ్చిన ఇంజనీరు దీని లైఫ్ అయిపోయింది కొట్టేయండి అన్నాడు, పెదనాన్న గారి పిల్లలు అప్పుడే బిల్డర్‌తో మాట్లాడేశారు, ఇల్లు హెరిటేజ్ లిస్టులో ఉంటే మేకు కూడా కొట్టనివ్వరేమో అని మీ భయం. చివర్లో ఇంకోటి అడిగారు, ఊరంతా పాత ఇళ్ళు పోతుంటే మనదొక్కటి నిలబెట్టి ఏం లాభం అని. నేనిక్కడే పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి, సివిల్ చదివి మొదట్లో అపార్ట్‌మెంట్ల పని చేశా, తర్వాత సున్నం కట్టడాల రిపేర్లలోకి వచ్చి ఇందులోనే ఉండిపోయా. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ లైఫ్ అయిపోయింది అనే మాట పక్కన పెట్టేయండి. ఇటుక, సున్నం, టేకుతో కట్టిన ఇంటికి ఇన్నేళ్ళే అని గడువేమీ ఉండదు. ఆ లెక్కలు ఆర్‌సీసీ కట్టడాలకి వేస్తారు, ఎందుకంటే కాంక్రీటు లోపల ఇనుప కడ్డీలుంటాయి, మనది సముద్రపు గాలి, ఆ ఉప్పు లోపలికి దిగి కడ్డీ తుప్పు పడితే ఉబ్బిపోయి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొట్టేస్తుంది. మీ ఇంటి గోడల్లో తుప్పు పట్టడానికి అసలు ఇనుమే ఉండదు. సెయింట్ జార్జ్ కోటలో సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది, ఇప్పటికీ అందులో ప్రార్థనలు జరుగుతున్నాయి. చేపాక్ ప్యాలెస్ ఆర్కాట్ నవాబు కోసం 1768లో కట్టింది. వాటి పక్కన మీ ఇంటి వయసు ఒక వయసే కాదు.

పాత ఇల్లు వయసు మీద పడి కూలడం నేనెప్పుడూ చూళ్ళేదు, నీళ్ళ వల్ల కూలడం చాలా చూశా. నీళ్ళు, వాటి తర్వాత తప్పుడు రిపేరు, ఆ తర్వాత తాళం వేసి వదిలేయడం, ఈ మూడే చంపుతాయి. పాండిచ్చేరి బీచ్ రోడ్డులో మేరీ అని ఫ్రెంచి కాలం నాటి మున్సిపల్ భవనం ఉండేది, 1870ల్లో కట్టింది. దాన్ని బాగు చెయ్యాలని తెలియనివాళ్ళు లేరు, ఆ మాటలు నడుస్తుండగానే 2014 నవంబర్ వానలకి కూలిపోయింది. తర్వాత అదే రూపంలో మళ్ళీ కట్టి 2021లో తెరిచారు, చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అది కొత్త భవనం, పాతది పోయినట్టే. గోరుతో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే, మీ హాల్లో మూల ఇంకా గోరుతో పోయే దశలోనే ఉందని మీరు రాసిందాన్ని బట్టి నాకు అనిపిస్తోంది.

ఇప్పుడు మీ కప్పు సంగతి. మద్రాస్ టెర్రస్ అంటే చాలామందికి పైకి కనిపించే ఎర్ర బిళ్ళలే తెలుసు, అసలు కథ వాటి కింద ఉంటుంది. గోడ మీద నుంచి గోడ మీదకి టేకు దంతెలు, అంటే అడ్డ దూలాలు, ఒక్కోటి అడుగు అడుగున్నర దూరంలో. వాటి మీద అంగుళం మందం ఉండే సన్నటి ఇటుకల్ని నిలువుగా పెట్టి, మూలకి మూల ఐమూలగా, సున్నంతో పేర్చుకుంటూ పోతారు, కింద షట్టరింగ్ ఏమీ లేకుండానే. ఐమూలగా ఎందుకంటే ప్రతి ఇటుక వరస పక్క వరసని పట్టుకుని బరువుని రెండు మూడు దంతెల మీదకి పంచుతుంది. దాని మీద మూడు నాలుగు అంగుళాల మందం ఇటుక జల్లి (చితక్కొట్టిన ఇటుక ముక్కలు), సున్నం కలిపి పరుస్తారు, పరిచాక కరక్కాయ బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుకుంటూ చెక్క బడితెలతో వరసగా కూర్చుని రోజుల తరబడి కొడతారు. కొట్టే కర్ర మెత్తగా దిగబడకుండా టంగుమని వెనక్కి ఎగిరొచ్చేదాకా కొట్టాలి, అప్పటికి అది రాయిలా బిగుసుకుంటుంది. ఆ పైన సున్నం గచ్చు గానీ బిళ్ళలు గానీ, నీళ్ళు తూముల వైపు పోయేట్టు వాలుగా. ఇంత పని తెలిసిన మనుషులు చేసిన కప్పు అండీ మీ తల మీదుంది, దాన్ని పది నిమిషాలు కింద నుంచి చూసి కొట్టేయమనడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఈ కప్పులో ముందు చెడేది ఒకటే చోటు, దంతె గోడలోకి దూరిన కొస. మధ్యలో గాలి తగులుతుంది కాబట్టి చెక్క బావుంటుంది, గోడ లోపల ఉన్న ఆరు తొమ్మిది అంగుళాలకే చెమ్మ పట్టి, చెదలు చేరి, లోపల్నుంచి తినేస్తుంది, బయటికి రంగు వేసి నున్నగానే కనిపిస్తుంది. కాబట్టి నిచ్చెన వేసుకుని కారే మూల దగ్గర గోడ పక్కనే ఉన్న దంతెని ఒక పాత స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. మంచి టేకైతే మొన అక్కడే ఆగిపోతుంది, చేతికి ఎదురు తెలుస్తుంది. పుచ్చిందైతే సుతారంగా లోపలికి దిగిపోయి, బయటికి తీస్తే మొనకి తడి పొట్టు అంటుకుని వస్తుంది. చిన్న చెక్క సుత్తితో తట్టినా తేడా వినబడుతుంది, మంచిది ఖంగుమంటుంది, పుచ్చింది డొల్లగా పలుకుతుంది. ఆ మూల ఒక్కటే కాదు, హాల్లో ఉన్న దంతెలన్నీ రెండు కొసలూ ఇలా చూసి, ఒక కాగితం మీద గీసుకుని, ఏది బాగుంది ఏది పోయింది రాసుకోండి. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి కట్టి మధ్యలో ఎంత వంగిందో చూడండి. ఇదే మీ ఇంటికి మొదటి రిపోర్టు.

నా అనుభవంలో ఇలా చూస్తే అన్నీ పోయిన ఇల్లు అరుదు, కారిన చోట కొన్ని దంతెలు పోతాయి, మిగతావి ఇంకో తరానికి సరిపడా ఉంటాయి. పోయిన కొస వరకు కోసి కొత్త టేకు ముక్క అతుకు వెయ్యొచ్చు, గోడలో ఇనుప బ్రాకెట్ దిగ్గొట్టి దాని మీద ఆనించొచ్చు, బాగా పోతే కింద జాకీలు పెట్టి ఆ ఒక్క దంతె మార్చొచ్చు. చెన్నైలో కూల్చేసిన ఇళ్ళ నుంచి వచ్చిన పాత బర్మా టేకు అమ్మే షాపులున్నాయి, రిపేరుకి కొత్త కలప కంటే అదే మంచిది, ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది కాబట్టి మళ్ళీ వంగదు.

కప్పు మీద ఇప్పుడేముందో రాయలేదు మీరు. సింటెక్స్ ట్యాంకు ఉందా? వెయ్యి లీటర్ల ట్యాంకంటే ఒక టన్ను బరువు, దాన్ని తీసుకెళ్ళి దంతెల మధ్యలో పెట్టేస్తారు, ఆ కప్పు కట్టిన రోజుల్లో ఇంట్లో బావి ఉండేది, పైన టన్ను నీళ్ళుంటాయని ఎవరూ లెక్క వెయ్యలేదు. ట్యాంకుని గోడ మీదకి వచ్చేట్టు రెండు ఇనుప గర్డర్ల మీదకి మార్చండి, ఇది మాత్రం ఈ నెలలోనే చేయండి. ఇంకోటి, కారిందని చెప్పి ఎప్పుడైనా సిమెంటు కోటింగ్ వేశారా? చాలా ఇళ్ళల్లో కారిన ప్రతిసారీ ఒక పొర వేసేస్తారు, నేను విప్పిన కొన్ని కప్పుల్లో పాత గచ్చు మీద నాలుగంగుళాల దాకా సిమెంటు దొరికింది, అంత బరువూ ఆ దంతెల మీదే. పైగా ఎండకి ఆ సిమెంటు పొర పగిలి, పగుల్లోంచి నీళ్ళు లోపలికి వెళ్తాయి, వెళ్ళినవి పైకి ఆవిరైపోవడానికి దారుండదు, చెమట పట్టిన ఒంటికి ప్లాస్టిక్ షీటు చుట్టినట్టు లోపలే నానుతుంటాయి. కిందకి దిగి దంతెని పుచ్చబెట్టేది ఆ నీళ్ళే.

గోడలకీ ఇదే. పాత ఇటుక మెత్తగా ఉంటుంది, సున్నం కూడా మెత్తనే, ఇల్లు కాస్త కదిలినా ఆ సున్నం సర్దుకుంటుంది, చెమ్మ వస్తే దాన్ని బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు గిలాబా చేస్తే చెమ్మ పైపైకి ఎక్కుతుంది, ఇటుకలో ఉన్న ఉప్పు ఆ చెమ్మతో వచ్చి గిలాబా వెనకాల గడ్డకట్టి, కొన్నేళ్ళకి గిలాబా పెళ్ళలు పెళ్ళలుగా ఊడుతుంది, వెనక ఇటుక పిండి పిండిగా రాలుతుంది. మళ్ళీ గట్టి సిమెంటు కొడతారు, మళ్ళీ ఊడుతుంది. అప్పుడొచ్చిన ఇంజనీరు చూసి ఇటుకే పోయిందండీ, లైఫ్ లేదు అంటాడు. ఇటుకని తినేసింది ముందు చేసిన రిపేరే అన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు, కాలేజీలో మాకూ ఎవరూ చెప్పలేదు, సున్నం గురించి నేను నేర్చుకున్నది సగం పైన పాత మేస్త్రీల దగ్గరే. ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింట్లు కూడా గోడకి ఊపిరాడనివ్వవు, పాత గోడకి వెల్ల వేయడమే మంచిది. సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టడం మన పెద్దవాళ్ళు అలంకారానికి మాత్రమే పెట్టుకున్న అలవాటు కాదు, ఏడాదికోసారి ఆ పల్చటి సున్నం సన్న పగుళ్ళల్లోకి దిగి గాలి తగిలి మళ్ళీ సున్నపురాయిలా గట్టిపడుతుంది, ఊరంతా ఒకేసారి చేసుకునే రిపేరు అది. అది మానేసిన దగ్గర్నుంచే గోడలు పాడవడం ఎక్కువైందని నా గట్టి నమ్మకం.

సున్నం ఎలా పెట్టాలంటే, బస్తాలో వచ్చే పొడి సున్నం కలిపేసి అయిపోయిందనిపించుకునే మేస్త్రీని పెట్టుకోకండి. కాల్చిన సున్నం తెచ్చి గుంటలో నీళ్ళల్లో చల్లార్చాలి, కుతకుతా ఉడికి వెన్నలా అవుతుంది, దాన్ని నీళ్ళ కిందే కనీసం కొన్ని వారాలు ఊరనివ్వాలి, ఎంత ఊరితే అంత మంచిది. తర్వాత ఇసుక, ఇటుక పొడి కలిపి డంగు సున్నం ఆడించాలి, పూర్వం ఎద్దు గానుగ, ఇప్పుడు మోటారు మిల్లు. ఇక్కడ పాత రోజుల్లో పులికాట్ వైపు నుంచి వచ్చే గుల్ల సున్నం వాడేవాళ్ళు, గవ్వలు కాల్చి చేసింది, మద్రాసు చున్నం అని దానికి పేరు, పై పూతలో కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు లాంటివి కలిపి నున్నటి రాయితో రుద్దితే పాలరాయిలా మెరుస్తుంది. మీ హాల్లో స్తంభాలకి, మెట్ల పక్క గోడకి అది ఉండే అవకాశం ఉంది, పెయింటు పొరల కింద దాక్కుని. గీకే ముందు ఒక చిన్న చోట గోరువెచ్చటి నీళ్ళతో మెల్లగా తీసి చూడండి, మిషను పెట్టి రుద్దనివ్వకండి. పాత గుళ్ళల్లో రాతి మీద ఇసుక ప్రెషర్‌తో కొట్టి శుభ్రం చేశామని శాసనాల అక్షరాలు, శిల్పాల ముక్కూ మొహం అరగదీసిన పనులు తమిళనాడులో ఎన్ని జరిగాయో తెలిసిందే, పోయింది మళ్ళీ రాదు.

మిగతావి గబగబా చెప్తా. పిట్టగోడలో రావి మొక్క ఉంటే పీకొద్దు, వేరుతో పాటు గోడ ఊడొస్తుంది, మొదలు కోసి వేరు చచ్చేట్టు చేసి ఆ సందు సున్నంతో నింపాలి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి జార్జ్ టౌన్‌లో సగం ఇళ్ళు వీధికంటే కిందకి వెళ్ళిపోయాయి, మీ గుమ్మం ముందు నీళ్ళు ఎటు పోతున్నాయో చూసి, లోపలికి వస్తుంటే ముందు అది మళ్ళించండి, గోడ అడుగు చెమ్మకి సగం కారణం అదే అయ్యుంటుంది. పాత వైరింగ్ మొత్తం మార్చండి, ఇది బతిమాలి చెప్తున్నా, చెక్క కప్పున్న ఇంట్లో నిప్పు అంటుకుంటే ఆగదు. ఈ ఊళ్ళో 1983లో స్పెన్సర్స్, 1985లో మూర్ మార్కెట్, రెండూ మంటల్లోనే పోయాయి, మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాల కోసం తిరిగిన మన పెద్దవాళ్ళు ఇప్పటికీ దాని గురించి తల్చుకుంటారు.

లిస్టు, చట్టం విషయం. చెన్నైలో హెరిటేజ్ లిస్టుకి గట్టి పునాది పడింది చిత్రంగా హోర్డింగుల కేసులో. రోడ్ల పక్క హోర్డింగులు పాత భవనాల్ని కప్పేస్తున్నాయన్న గొడవలో జస్టిస్ పద్మనాభన్ కమిటీ 460కి పైగా కట్టడాల పేర్లు ఇచ్చింది, 2010లో మద్రాసు హైకోర్టు వాటిని కాపాడాలి, సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) కింద హెరిటేజ్ కమిటీ పెట్టి దాన్ని అడక్కుండా కూల్చడానికి, మార్చడానికి వీల్లేదు అంది. మీ ఇల్లు అందులో ఉందో లేదో సీఎండీఏలో రాతపూర్వకంగా అడగండి, వీధిలో వాళ్ళ మాటలు నమ్మకండి. ఉన్నా కంగారు పడక్కర్లేదు, ముందు వాళ్ళని అడిగి చేసే రిపేరుకి మామూలుగా అడ్డం రారు, అడ్డం వచ్చేది కూల్చడానికి, రూపం మార్చడానికి. బాత్రూం, వంటిల్లు, వైరింగ్, పైపులు వాళ్ళకి చెప్పి మార్చుకుని హాయిగా ఉండొచ్చు. ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) రక్షణలో ఉన్న కట్టడాలకి మాత్రం రూలు వేరు, 1958 చట్టానికి 2010లో చేసిన సవరణతో వాటి చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడం కుదరదు, ఆ పైన ఇంకో 200 మీటర్లు పర్మిషన్ కావాలి. హైకోర్టు పక్కన లా కాలేజీ ఆవరణలో డేవిడ్ యేల్ సమాధి ఉంది, ఒకప్పటి మద్రాసు గవర్నర్ ఎలీహు యేల్ కొడుకుది, ఆ రూలు వల్ల అక్కడ పార్కింగ్ భవనం ఆగి కేసు కోర్టుకెక్కింది. మీకు దగ్గర్లో అలాంటిదేమైనా ఉందేమో చూసుకోండి, ఉంటే మీ అన్నయ్యల బిల్డర్ లెక్కలన్నీ మారిపోతాయి.

అయితే చట్టం ఒక్కటే ఇంటిని నిలబెడుతుందని మాత్రం అనుకోకండి. మౌంట్ రోడ్డులో భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగ్, 1897 నాటిది, ఎర్రటి మినార్లతో ఊరంతటికీ అందం అది. 2006లో కూల్చడం మొదలైంది, పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ కోర్టుకెళ్ళి ఆపించింది, 2010లో తీర్పు కూడా కాపాడాలనే వచ్చింది. కానీ అప్పటికే కొంత కొట్టేశారు, మిగిలింది ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ అలాగే నిలబడింది, ఆ దారిన పోయినప్పుడల్లా గోడల్లో మొలిచిన చెట్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అర్మేనియన్ వీధిలో గోఖలే హాల్, అనీబిసెంట్ 1915లో కట్టించింది, హోమ్ రూల్ ఉపన్యాసాలు మోగిన చోటు, అదీ సగం కూల్చివేత దాకా వెళ్ళి కోర్టులో ఆగింది. కూల్చొద్దు అని కోర్టు చెప్పగలదు, కప్పెక్కి తూము శుభ్రం చెయ్యడం మాత్రం ఎవరో ఒకరు ఉంటేనే జరుగుతుంది. రాష్ట్రానికి హెరిటేజ్ కమిషన్ చట్టం 2012లోనే చేసుకున్నాం, కమిషన్ పని మొదలవ్వడానికే ఏళ్ళూ పూళ్ళూ పట్టింది, వాన మన కోసం ఆగదు కదా.

ఆగి నిలబడినవి చూడండి, వాటిల్లో పని జరుగుతుంటుంది. ఇందాక చెప్పిన చేపాక్ ప్యాలెస్ లో భాగమైన ఖలస్ మహల్ 2012 జనవరిలో కాలిపోయింది, కప్పు కూలి ఒక ఫైర్ ఆఫీసరు ప్రాణం పోయింది, ఇక అయిపోయింది అనుకున్నవాళ్ళే ఎక్కువ. పీడబ్ల్యూడీ (ప్రజా పనుల శాఖ) వాళ్ళు మళ్ళీ సున్నంతో, మద్రాస్ టెర్రస్‌తోనే దాన్ని లేపారు, ఇప్పుడు అందులో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ నడుస్తోంది. ప్రభుత్వ శాఖలో ఇంజనీర్లు సున్నం పని మళ్ళీ నేర్చుకున్నారు, ఆ తర్వాత పక్కనున్న హుమాయూన్ మహల్ కూడా చేశారు, నాకు ఈ ఊరి మీద ఆశ కలిగించిన పని అది. రిపన్ బిల్డింగ్ పక్కన విక్టోరియా పబ్లిక్ హాల్ ఉంది కదా, దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా ఆనంద గజపతి రాజు గారు, 1883లో. దశాబ్దాల పాటు మూతపడి ఉన్నదాన్ని ఇప్పుడు కార్పొరేషన్ 30 కోట్లకి పైగా పెట్టి బాగు చేయించింది. ఎప్పటికప్పుడు చిన్న చిన్న రిపేర్లు చేసుంటే అన్ని కోట్లు అక్కర్లేదు, ఇది మీ అన్నయ్యలకి కూడా చెప్పండి.

వాళ్ళ గురించి. వాళ్ళని శత్రువుల్లా చూడకండి, బాగు చెయ్యడానికి డబ్బులెవరు పెడతారు, అద్దె ఎంతొస్తుంది, వాటాలెలా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టుంటే ఇల్లు బిల్డర్‌కే పోతుంది. కూర్చోబెట్టి రెండు లెక్కలు పక్కపక్కన పెట్టండి. జార్జ్ టౌన్ వీధుల వెడల్పుకి ఎన్ని అంతస్తులు వస్తాయో ముందు బిల్డర్ నోటితో కాకుండా ఒక లైసెన్స్‌డ్ ఆర్కిటెక్ట్ చేత రాయించండి, రోడ్డు వెడల్పుని బట్టే ఎత్తు, ఏరియా ఇస్తారు కాబట్టి అనుకున్నంత రాదు చాలాసార్లు. ఇంకో సంగతి, అక్కడ ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనుకుని ఉంటాయి, మీది కొడితే పక్కింటి గోడకి పగుళ్ళు వస్తాయి, ఆ తగాదా ఖర్చు ఎవరూ లెక్కలో వెయ్యరు. ఇటు వైపు లెక్కలో రిపేరు ఖర్చుని మూడేళ్ళకి పంచండి, మొదటి ఏడు కప్పు, రెండో ఏడు గోడలు, మూడో ఏడు మిగతావి. కింద భాగం ఆఫీసుకో, చిన్న షాపుకో, క్లాసులకో ఇచ్చి ఆ అద్దె రిపేరులోకే పెట్టండి. ఒక్కటి మాత్రం చెయ్యొద్దు, తేలేదాకా ఖాళీగా ఉంచుదాం అని తాళం వెయ్యొద్దు. మనిషి తిరగని మిద్దె రెండు వానాకాలాల్లో అయిదేళ్ళంత పాడవుతుంది, తూములో ఆకు అడ్డం పడితే చూసేవాడుండడు.

మరి ఒక్క ఇల్లు నిలబెట్టి ఏం లాభం అన్నారే. ఆ హెరిటేజ్ లిస్టులో ఎక్కువ పేర్లు పెద్ద భవనాలవే, కోర్టులు, కాలేజీలు, స్టేషన్లు, చర్చిలు. సౌకార్ పేట, మింట్ స్ట్రీట్, మైలాపూర్ మాడ వీధులు, ట్రిప్లికేన్, అక్కడ అరుగులూ, మండువాలూ, చెక్క స్తంభాలూ ఉన్న మామూలు ఇళ్ళు ఏ లిస్టుకీ ఎక్కకుండానే పోతున్నాయి. ఈ ఊరికి చెన్నై అన్న పేరు మన దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీదే వచ్చిందంటారు. శ్రీబాగ్ ఒప్పందం 1937లో రాసుకుంది మైలాపూర్‌లో నాగేశ్వరరావు పంతులు గారింట్లో. పొట్టి శ్రీరాములు గారు 1952లో ప్రాణం విడిచింది మైలాపూర్‌లోనే, బులుసు సాంబమూర్తి గారింట్లో. ఆ రోజుల్లో అవీ ఎవరో ఒకరు కాపురం ఉన్న ఇళ్ళే, వాటి మీద బోర్డులేమీ లేవు. వడపళనిలో మన సినిమాలు పుట్టిన విజయా వాహినీ ఫ్లోర్లు పోయి మాల్ వచ్చింది, వాటి కొలతలతో డ్రాయింగ్, సరైన ఫోటోలు ఎన్ని మిగిలాయి చెప్పండి?

ఒక్క ఇల్లు వీధిని మార్చడం నేను కళ్ళారా చూసింది పాండిచ్చేరిలో. అక్కడ వైశ్యాల్ వీధి అని తమిళుల పేట వైపు ఉంది, 2000ల మొదట్లో ఇంటాక్ వాళ్ళు యూరప్ నిధులతో ఆ వీధి ఇళ్ళ ముందు భాగాలన్నీ ఒక వరసలో బాగు చేశారు, పాత అరుగులు, చెక్క స్తంభాల వసారాలు మళ్ళీ వచ్చాయి, ఎవరూ ఇల్లు వదిలి వెళ్ళక్కర్లేదు. 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. మొదట నమ్మని ఇంటివాళ్ళు పక్కింటిది చూసి ఒప్పుకోవడం, అదే అక్కడ జరిగిన అసలు పని. మీ వీధిలో మీది మొదటిదవ్వచ్చు. కానీ దానికంటే ముందు, ఇల్లు ఉన్నా పోయినా సరే, కొలిచి పెట్టండి. ప్రతి గది టేపుతో కొలిచి ప్లాను గీయండి, తలుపులు, కిటికీలు, దంతెలు, మెట్లు, గచ్చు అన్నిటికీ పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి, పాత దస్తావేజుల కాపీలు, ఇంట్లో పెద్దవాళ్ళ జ్ఞాపకాలు ఫోన్‌లో రికార్డు చెయ్యండి. దగ్గర్లో ఆర్కిటెక్చర్ కాలేజీ పిల్లల్ని అడిగితే సంతోషంగా వచ్చి చేస్తారు. నిర్మాణం బలం గురించి గట్టి సందేహం ఉంటే ఐఐటీ మద్రాస్‌లో పాత కట్టడాల భద్రత కోసమే ఒక జాతీయ కేంద్రం ఉంది, ఇంటాక్ చెన్నై శాఖ ఉంది, రెండు చోట్లా ఈ పని తెలిసిన మేస్త్రీల వివరాలు దొరుకుతాయి.

ఇక చెయ్యాల్సిన వరస. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ మూడో వారం ప్రాంతంలో దిగుతాయి, అప్పటికి సున్నం పని మొదలుపెడితే ఆరదు, కొట్టుకుపోతుంది. కాబట్టి ఇప్పుడు తాత్కాలికంగా చేసేవి మాత్రమే చెయ్యండి, తూములు శుభ్రం, ట్యాంకు మార్పు, కప్పు మీద కనిపించే పగుళ్ళకి సున్నం ఇటుక పొడి ముద్ద, పుచ్చిన దంతెల కింద ఆసరాగా గట్టి ఊతకర్రలు, కారే మూల మీద వాన తగ్గేదాకా టార్పాలిన్. సున్నం మాత్రం ఇప్పుడే చల్లార్చి గుంటలో వేసేయండి, పొంగల్ తర్వాత పని మొదలెట్టేటప్పటికి చక్కగా ఊరి ఉంటుంది. కప్పు గచ్చు ఫిబ్రవరి మార్చిలో చేస్తే మంచిది, ఏప్రిల్ దాటితే ఎండకి తొందరగా ఆరి పగులుతుంది, తడి గోతాలు కప్పి రోజూ నీళ్ళు చల్లుతూ ఉండాల్సొస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసినవాటి లెక్క, దంతె కొసల ఫోటోలు దగ్గర్నుంచి, కప్పు పై నుంచి ఒక ఫోటో, వీధి గుమ్మం ముందుది ఒకటి ఇక్కడే పెట్టండి. వాటిని బట్టి ఏ దంతె మార్చాలి, ఏది అతుకుతో సరిపోతుంది అన్నది విడివిడిగా రాస్తాను.